ఆకులోని గదులు

గుమ్మమునకు కట్టు మామిడాకు తోరణము, భోజనమునకు పరచు అరటి ఆకు, పెరటి కోటలోని తులసి దళము: ఇవి అన్నియు దినదినమును మన చేతులలో మెలగునవే. ఆకును ఎరుగనివారు మనలో ఎవ్వరును లేరు. కాని ఆకు లోపల ఏమున్నదని ఎవరైన అడిగినచో, పసరున్నదనియు, ఈనెలున్నవనియు చెప్పి ఊరకుందుము. సాధారణమైన ఆకు మందము మిల్లీమీటరులో నాలుగవ వంతునకు అటునిటుగ ఉండును. అంత పలుచని వస్తువునకు లోపలయొకటి, వెలుపలయొకటి కలదా అని మనకు తోచుట సహజము. అయినను భూమిమీది ప్రాణికోటికి అన్నము వండు వంటశాల ఆ పలుచదనములోనే యున్నది. దానికి పైకప్పును, నేలయును, గదులును, గవాక్షములును, నీటి కాలువలును కలవు.

ఈ గదులను మానవుడు మొదట చూచినది 17వ శతాబ్దమున. ఆ గదులలో జరుగు పనిని తృప్తికరముగ తెలిసికొన్నది 20వ శతాబ్దమున. నడుమ మూడు వందల ఏండ్లు గడచినవి. ఇంటిని చూచుట యొకటి, ఆ ఇంటివారు ఏమి చేయుచున్నారో తెలిసికొనుట వేరొకటి. ఆ రెంటికిని నడుమ గల దూరమును పరిశోధకులు ఎట్లు దాటిరో ఈ ప్రసంగమున ముచ్చటించుకొందము. ఇది కేవలము శాస్త్రజ్ఞుల కుతూహలమునకు సంబంధించిన కథ కాదు. మన వరిచేని భవిష్యత్తు కూడ దీనితో ముడివడి యున్నది.

ముందుగా ఆ ఇంటిని ఒకమారు చూచి వత్తము. మామిడాకును అడ్డముగ, మిక్కిలి పలుచని పొరగ కోసి సూక్ష్మదర్శిని క్రింద ఉంచినచో, పైన ఒక వరుస కణములు కానవచ్చును. ఇది బాహ్యచర్మము. దానిమీద మైనపు పూత వంటి పొర యున్నది. నీరు ఆవిరియై పోకుండ కాపాడునది ఈ పూతయే. తామరాకుమీది నీటిబొట్టు అంటక జారిపోవుటకును ఆకు పైచర్మముమీది మైనమే కారణము. బాహ్యచర్మము క్రింద నిలువుగ, స్తంభములవలె, దగ్గర దగ్గరగ నిలిచిన కణములు కలవు. వీనిని స్తంభ కణజాలమందురు. పత్రహరితమును ధరించిన హరితరేణువులు వీనిలోనే అధికము. ఆకు పైవైపు ముదురాకుపచ్చగను, అడుగువైపు లేతగను కనబడుటకు హేతువిదియే. స్తంభముల క్రింద వంకరటింకర ఆకారముల కణములు, నడుమ నడుమ ఖాళీ స్థలములు విడిచి, స్పంజివలె అల్లుకొని యున్నవి. దీనికి స్పంజి కణజాలమని పేరు. ఆ ఖాళీలలో గాలి సంచరించును. అన్నిటికంటె అడుగున మరల బాహ్యచర్మము. అందు సన్నని నోళ్ళవంటి పత్రరంధ్రములు కలవు. ఒక్కొక్క నోటికి ఇరుపెదవులవలె రెండు రక్షక కణములుండును. ఇక ఈనెలు. ఇవి వేళ్ళు పీల్చిన నీటిని లోనికి తెచ్చు గొట్టములును, వండిన ఆహారమును వెలుపలికి కొనిపోవు గొట్టములును కలిసిన కట్టలు.

ఇంత స్పష్టముగ నేడు చెప్పగలుగుచున్నాము. కాని మొదట చూచినవారికి ఇది అంతయు అయోమయముగ నుండెను. 1665లో ఇంగ్లండున రాబర్టు హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూచి, తేనెపట్టులోవలె గదులున్నవని వ్రాసెను. పిమ్మట ఆరేండ్లకు, 1671 డిసెంబరు 7వ తేదీన, లండనులోని రాయల్ సొసైటీ సభముందు రెండు రచనలు ఒక్కమారే నిలిచినవి. ఒకటి ఇంగ్లండు వైద్యుడైన నెహెమియా గ్రూ అచ్చువేసిన చిన్న పుస్తకము. రెండవది ఇటలీలోని బొలోన్యా నగరమునుండి మార్చెల్లో మాల్పీగి పంపిన వ్రాతప్రతి. ఒకరి నొకరు ఎరుగని ఈ ఇరువురును, వేర్వేరు దేశములందు, మొక్కల శరీరమును కోసి లోపల నేమున్నదో పరిశీలించుచుండిరి.

ఇట్టి సందర్భములందు నేను ముందనగా నేను ముందని కలహములు పుట్టుట లోకమున సాధారణము. ఇక్కడ అట్లు జరుగలేదు. మాల్పీగి పనిని చూచి గ్రూ తాను విరమింప తలపెట్టగా, సొసైటీవారు ఇరువురిని కొనసాగింపుడని ప్రోత్సహించిరి. మాల్పీగి గ్రంథము 1675, 1679 సంవత్సరములలో రెండు భాగములుగ ఆ సొసైటీవారి పోషణముననే వెలువడినది. గ్రూ తన పరిశోధనల నన్నిటిని కూర్చి 1682లో మహాగ్రంథముగ ప్రకటించెను. 1684లో మాల్పీగి యింటికి నిప్పంటుకొని ఆయన సూక్ష్మదర్శినులును, వ్రాతప్రతులును కాలిపోయినవి. మొక్కలనుగూర్చిన ఆయన కృషి అప్పటికే లండనున అచ్చుపడి యుండుటచే మనకు దక్కినది.

గ్రూకు మొక్క లోపలి అల్లిక జలతారు నేతను జ్ఞప్తికి తెచ్చినది. స్త్రీలు దారముతో అల్లు సన్నని పూలజాలరితో దానిని పోల్చెను. మన భాషలో కణజాలము అను మాటయందును జాలము అనగా వల యున్నది. ఎంత దూర దేశములందైనను కంటికి తోచిన పోలిక ఒక్కటే యగుట గమనింపదగినది. మాల్పీగి ఆకుల అడుగున సన్నని రంధ్రములను చూచెను. అంతేకాక, మొలకెత్తిన మొక్కల విత్తనపుటాకులను త్రుంచి, వాని పెరుగుదల ఆగిపోవుటను గ్రహించెను. ఆకులు వేళ్ళు తెచ్చిన రసమును పక్వము చేసి ఆహారముగ మార్చునని ఊహించెను. ఊహ గొప్పది. కాని ఏ దినుసులతో వండునో చెప్పుటకు ఆనాడు వాయువులనుగూర్చిన రసాయన శాస్త్రము పుట్టలేదు. గదులు కానవచ్చినవి, వంట కానరాలేదు.

తరువాతి నూరేండ్లు రసాయన శాస్త్రము వంతు. 1727లో ఇంగ్లండున స్టీఫెన్ హేల్స్ అను మతగురువు పొద్దుతిరుగుడు మొక్కను కుండతోసహా తూచి, అది ఆకులద్వారా విడుచు నీటిని లెక్కించెను. సమానమైన పరిమాణమునకు మొక్క మనుష్యునికంటె 17 రెట్లు చెమర్చునని ఆయన తేల్చెను. ఆకులు గాలినుండియు కొంత ఆహారము గ్రహించుచుండవచ్చునని కూడ అనుమానించెను. 1754లో జెనీవావాసి షార్ల్ బొన్నె నీటిలో మునిగిన ఆకులు ఎండలో బుడగలు విడుచుటను వర్ణించెను. కాచి చల్లార్చిన నీటిలో బుడగలు రాకపోవుటచే అవి నీటిలోని గాలియే యని తలచి అంతటితో ఆగెను. సత్యము ఆయన గాజుపాత్రలో బుడగలై పైకి తేలుచునే యుండెను. దానిని గుర్తించుటకు కావలసిన పరికరము, అనగా వాయువుల భేదజ్ఞానము, ఇంకను సిద్ధము కాలేదు.

1771 ఆగస్టు 17వ తేదీన జోసెఫ్ ప్రీస్ట్లీ, కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మ నొకదానిని ఉంచెను. 27వ తేదీన చూడగా ఆ గాలిలో కొవ్వొత్తి మరల చక్కగా మండినది. మొక్క గాలిని బాగుచేయునని తెలిసినది. కాని ప్రయోగము ఒకమారు ఫలించి, ఒకమారు విఫలమగుచుండెను. దాని మర్మమును విప్పినది యాన్ ఇంగెన్‌హౌస్. ఈయన వియన్నా రాజాస్థానమున వైద్యుడు. రాణి మరియా తెరీసా కుటుంబమువారికి మశూచి రాకుండ టీకా వేసి ప్రసిద్ధి కెక్కినవాడు. 1779 వేసవిలో లండను సమీపమున ఒక యింట నివసించుచు, మూడు మాసములలో ఐదువందలకు పైగా ప్రయోగములు చేసెను. ఎండ తగిలినపుడే, ఆకుపచ్చని భాగములే ఆ పని చేయుననియు, చీకటిలో మొక్కయు మనవలెనే గాలిని చెరుచుననియు ఆయన నిరూపించెను. 1782లో జెనీవాలో జాన్ సెనెబియే, బొగ్గుపులుసు వాయువు లేనిదే ఈ పని సాగదని చూపెను. దీనినే నేడు మనము కార్బన్ డయాక్సైడు అనుచున్నాము. 1804లో ద సొస్యూర్ తూకములు వేసి, నీరును అందు పాలుగొనునని తేల్చెను. వంటలోని దినుసులు ఇట్లు తెలిసినవి: ఎండ, గాలి, నీరు.

ఇప్పుడు దినుసులు ఒకవైపు, గదులు మరియొకవైపు నిలిచినవి. ఈ రెంటిని కలుపుట 19వ శతాబ్దపు కృషి. 1830లో పారిస్ నగరమున అడాల్ఫ్ బ్రొన్యార్ ఆకును పొరలు పొరలుగ విడదీసి, లోపలి గాలి ఖాళీలకును, పత్రరంధ్రములకును గల సంబంధమును వివరించెను. 1856లో జర్మనీయుడగు హ్యూగో ఫాన్ మోల్, రక్షక కణములు నీరు త్రాగి ఉబ్బినపుడు రంధ్రము తెరచుకొనుననియు, నీరు తగ్గి వాడినపుడు మూసుకొనుననియు బోధపరచెను. 1860 దాటిన పిదప యూలియస్ జాక్స్, ఎండ తగిలిన ఆకులోని హరితరేణువులలోనే పిండిపదార్థము పుట్టునని అయొడిన్ సాయమున చూపెను. ఆకులో కొంత భాగమును కప్పి ఎండలో ఉంచినచో, కప్పిన భాగము నల్లబడదు, తెరచిన భాగము నల్లబడును. పాఠశాలలో మన పిల్లలు నేడును చేయు ప్రయోగమునకు మూలమిదియే.

ఒక చిక్కు మిగిలెను. పత్రరంధ్రములు అన్నియు తెరచుకొన్నను, వాని నోళ్ళ వైశాల్యము ఆకు వైశాల్యమున నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించదు. అంత కొద్ది త్రోవలో అంత గాలి ఎట్లు పోవును? 1900లో బ్రౌన్, ఎస్కాంబ్ అను ఇంగ్లండు శాస్త్రజ్ఞులు దీనికి సమాధానము చెప్పిరి. సన్నని రంధ్రములలో వాయువు వ్యాపించు వేగము రంధ్రపు వైశాల్యమునుబట్టి కాక, దాని వ్యాసమునుబట్టి యుండును. కావున ఒక్క పెద్ద కిటికీకంటె, అంతే వైశాల్యము గల వేలకొలది సన్నని జాలకములు ఎక్కువ గాలిని లోనికి పంపగలవు.

ఇక ఈ నిర్మాణములోని కష్టమును ఆలోచింపుడు. నోరు తెరచినగాని ఆకునకు బొగ్గుపులుసు వాయువు లోనికి రాదు. నోరు తెరచినచో నీరు ఆవిరియై పోవును. మూసినచో ఆకలి, తెరచినచో దప్పి. ఎండలు మండిపడు దేశములందు పంట పండుటయు, ఎండుటయు ఈ రెండు పెదవుల నడుమ నిర్ణయమగుచున్నది.

ఈ కష్టమునకు కొన్ని మొక్కలు విచిత్రమైన ఉపాయము కనుగొన్నవి. దాని ఆనవాలు ఆకు లోపలి అమరికలోనే కలదు. 1875లో ఫ్రెంచివాడగు దువాల్-జూవ్ గడ్డిజాతుల ఆకులను కోసి చూచి, కొన్నిటిలో ఈనెల చుట్టును పెద్ద కణముల తొడుగొకటి యుండుటను వర్ణించెను. 1884లో గాట్లీబ్ హాబర్లాండ్ట్ మొక్కల శరీరనిర్మాణమునుగూర్చి తాను వ్రాసిన గ్రంథమున దీనిని ప్రస్తావించెను. ఈనె చుట్టు తొడుగు, తొడుగు చుట్టు మరియొక వరుస, పూలదండవలె ఒప్పుచుండుటచే, దీనిని జర్మను భాషలో దండ అను అర్థము గల క్రాంజ్ అను మాటతో పేర్కొనిరి. ఈ రెండు వరుసల కణములు పనిని పంచుకొనుచుండవచ్చునని హాబర్లాండ్ట్ సరిగానే అనుమానించెను. కాని ఏ పనియో చెప్పలేకపోయెను. ఆ బొమ్మ గ్రంథములలో ఎనుబది ఏండ్లు అట్లే పడియుండెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలోని బెర్క్‌లీయందు కాల్విన్, బెన్సన్, బాషమ్ అనువారు కార్బన్-14 ను వినియోగించి, మొక్కలోనికి పోయిన బొగ్గుపులుసు వాయువు మొదట మూడు కార్బన్ అణువులు గల ఆమ్లముగ మారునని తేల్చిరి. ఇందుకు 1961లో కాల్విన్‌కు నోబెల్ బహుమానము లభించినది. కథ ముగిసినదని లోకము తలచినది. కాని హవాయి దీవులలో చెరకును పరిశోధించుచున్న కోర్ట్‌షాక్ బృందమువారికి మూడు కార్బనుల ఆమ్లమునకు మారుగ నాలుగు కార్బనుల ఆమ్లములు మొదట కనబడెను. సోవియట్ దేశమున కార్పిలోవ్‌కు మొక్కజొన్నలో అట్లే కనబడి, 1960లో ప్రకటించెను. హవాయివారు 1965లో తమ ఫలితములను వివరముగ ప్రకటించిరి. మరుసటి యేడు, 1966లో, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనునందు ఒక చక్కెర కంపెనీవారి ప్రయోగశాలలో హాచ్, స్లాక్ అను నిరువురు దీని మార్గమును విశదీకరించిరి.

అపుడు దండ బొమ్మకు అర్థము దొరకినది. బొగ్గుపులుసు వాయువును పట్టుకొను రుబిస్కో అను ఎంజైమునకు ఒక లోపము కలదు. వేడి హెచ్చినకొలది అది బొగ్గుపులుసు వాయువును ఆమ్లజనియును వేరుపరుపలేక, ఆమ్లజనినే పలుమారులు పట్టుకొనును. అందువలన వండినదానిలో సుమారు నాలుగవ వంతు వ్యర్థమగును. దండ గల ఆకులలో బయటి వరుస కణములు ఈ ఎంజైముతో పనిలేకయే వాయువును నాలుగు కార్బనుల ఆమ్లముగ బంధించి, లోపలి తొడుగులోనికి చేరవేయును. కళ్ళములో చెదరియున్న ధాన్యమును కూలీలు ఎత్తి గాదెలో పోసినట్లు, అక్కడ వాయువు పోగుపడును. రుబిస్కో అక్కడనే యుండుటచే దానికి పొరపడు అవకాశము తగ్గును. వాయువు ఇట్లు కూడబెట్టబడుటచే పత్రరంధ్రములు అంతగా తెరువ నక్కరలేదు. నీరును మిగులును.

ఈ వరములు పొందిన మొక్కలెవ్వి? జొన్న, సజ్జ, కొర్ర, రాగి, మొక్కజొన్న, చెరకు, తోటకూర, గరిక. రాయలసీమ, తెలంగాణ మెట్టచేలలో వాన తక్కువైనను మన పూర్వులు నమ్ముకొన్న పంటలలో పెక్కు ఇందున్నవి. వరి, గోధుమ, కంది, వేరుసెనగ, ప్రత్తి మాత్రము పాతపద్ధతి ఆకులు గలవే. వరిచేనిలో కలుపుగ మొలచు ఊదగడ్డికి దండ అమరిక కలదు, దాని ప్రక్కన నిలిచిన వరికి లేదు. ఎండ కాసినకొలది కలుపు వరిని మించి పెరుగుటకు ఇదియు ఒక కారణము. భూమిమీది పుష్పించు మొక్కల జాతులలో ఈ విధమైనవి నూటికి మూడు మాత్రమే. అయినను నేలమీద మొక్కలు చేయు ఆహారోత్పత్తిలో సుమారు నాలుగవ వంతు వీనిదే. ఈ ఏర్పాటు ప్రకృతిలో అరువదికి పైగా పర్యాయములు, వేర్వేరు కుటుంబములలో, స్వతంత్రముగ పుట్టినదని నేటి పరిశోధకుల నిర్ణయము.

ఈ అన్వేషణలో భారతీయుల పాలును కలదు. 1924లో జగదీశ చంద్ర బోసు కిరణజన్య సంయోగక్రియనుగూర్చి ప్రకటించిన గ్రంథమున, హైడ్రిల్లా అను నీటిమొక్క మాలిక్ ఆమ్లముతో కొంత అసాధారణముగ ప్రవర్తించుటను గుర్తించెను. ఆ మొక్కకు దండ లేకున్నను, ఒకే కణములో ఆ పని జరుపుకొనగలదని చాల కాలమునకు పిమ్మట తెలిసినది. గదుల అమరిక ఎంత ముఖ్యమైనను, ప్రకృతి ఒక్క నమూనాకే కట్టుబడి యుండదని ఇది మనకు నేర్పుచున్నది.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆచార్య వి. ఎస్. రామదాస్ ఆధ్వర్యవమున ఈ విషయముపై విశేషమైన కృషి జరిగినది. మనము కూర వండుకొను పొన్నగంటి పాతపద్ధతి ఆకు గలది. అదే ప్రజాతికి చెందిన ముళ్ళ కలుపు మొక్క యొకటి సంపూర్ణముగ దండ గలది. ఈ రెంటికిని నడుమ నిలిచిన జాతులు రెండు అదే ప్రజాతిలో కలవని తిరుపతి పరిశోధకులు 1986లో ప్రకటించిరి. వాని ఆకులలో దండ అస్పష్టముగ, సగము కట్టినట్లుండును. పాత ఇల్లు క్రొత్త ఇల్లుగ మారుచున్నపుడు నడుమ ఎట్లుండునో చూడగోరువారికి ఇట్టి మొక్కలు అమూల్యమైన సాక్ష్యములు.

ఆ సాక్ష్యమునకు నేడు విలువ హెచ్చినది. వరి ఆకులో దండను కట్టవచ్చునా అను ప్రశ్నతో 2008లో అంతర్జాతీయముగ ఒక ప్రయత్నము ఆరంభమైనది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇందులకు తొలి కేంద్రము. 2017లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులును వారి సహచరులును, మొక్కజొన్న జన్యువులను వరిలో ప్రవేశపెట్టి, ఈనెల చుట్టునున్న తొడుగు కణములను కొంతవరకు మేల్కొల్పగలిగిరి. గమ్యము ఇంకను దూరముననే కలదు. ఈనెలను దగ్గర చేయవలెను, తొడుగును పెంచవలెను, రెండు వరుసలకును పని పంచవలెను. ఒక్క జన్యువుతో ముగియు పని కాదు. సిద్ధించెనా, అదే నేలలో, తక్కువ నీటితో, హెచ్చు ధాన్యము పండగలదు. కృష్ణా, గోదావరి ఆయకట్టులందు నీటికై ఎదురుచూచు రైతునకు దాని విలువ వేరుగ చెప్ప నక్కరలేదు.

మాల్పీగికి గదులు కనబడినవి, వంట తెలియలేదు. బొన్నెకు బుడగలు కనబడినవి, వాయువు తెలియలేదు. హాబర్లాండ్ట్‌కు దండ కనబడినది, దాని పని తెలియలేదు. వీరిలో ఎవరును తమకు తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయలేదు. కనబడినదానిని ఉన్నదున్నట్లు చిత్రించి, తరువాతివారికి అప్పగించిరి. ఎనుబది ఏండ్లు మూలపడియున్న బొమ్మ ఒకనాటికి చెరకు ఆకు మర్మమును విప్పుటకు అక్కరకు వచ్చినది. నేడు ప్రయోజనము కానరాని పరిశీలనను వ్యర్థమని త్రోసివేయువారు ఈ కథను తలపోయుట మేలు. మన పిల్లలు ఆకును కోసి అద్దముక్రింద చూచి బొమ్మ గీయునపుడు, అది పరీక్షకొరకు చేయు పని మాత్రమే కాదనియు, మనకు అన్నము పెట్టు ఇంటిని దర్శించుటయే యనియు వారికి తెలియజెప్పుట పెద్దలమగు మన కర్తవ్యము.